అభియుక్తునకు తోడు: వకీలును వెదకుకొనుటయు, భరించుటయు



ఏటేట ఈ సభయందు విద్యను గూర్చియో, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియో, విద్యార్థి వసతిగృహమును గూర్చియో ఉపన్యాసములు జరుగుట ఆచారము. సంస్కృతము చెప్పుకొని బ్రతికిన పంతులను గనుక నేనును కాళిదాసును గూర్చి నాలుగు మాటలు పలికి కూర్చుందునని కార్యదర్శిగారు తలచియుందురు. కాని ఈ యేడు నేను కోరి యెన్నుకొన్న విషయము శుభకరమైనది కాదు. మనలో నొకనిపై పోలీసుఠాణాలో నేరారోపణ నమోదైన దినమున ఆ కుటుంబము వకీలు నెట్లు వెదకుకొనవలయును, అతని ఫీజు నెట్లు భరింపవలయును అనునదియే నా విషయము. శుభసభలో చెఱసాల మాట యెత్తుట అపశకునమని పెద్దలొకరు నన్ను వారించిరి. పెండ్లిపందిరిలో వైద్యుని పేరు తలచినంతమాత్రమున జ్వరము రాదు గదా!

మన నల్లరేగడి మైదానములో కేసులు తఱచు దొంగతనమువలనను దోపిడివలనను పుట్టవు. గట్టు జరిగినదను తగవు, కాలువ చివరి భూమికి నీరందలేదను తగవు, ఎన్నికల మఱునాటి కొట్లాట, చీకటివేళ ప్రత్తిబోరెముల ట్రాక్టరు క్రింద నెవడో పడుట, కూతురి కాపురపు కలహము, చెల్లని చెక్కు - ఇవియే మన కేసులు. ఒక పక్షము ఫిర్యాదు చేసిన గంటకే రెండవ పక్షము ఎదురు ఫిర్యాదు చేయును. కొట్టినవారు ముగ్గురైనను కాగితముపై పదునొకండు పేర్లు చేరును. ఆ పదునొక్కరిలో ఆ నాడు ఊరనే లేనివాడొకడు, ఉద్యోగపరీక్షకు చదువుకొనుచున్నవాడొకడు తఱచుగా నుందురు. ఏలయన, వాని పేరు చేర్చినచో ఎదుటి కుటుంబమునకు నొప్పి యెక్కువ.

నిందితుడు వేఱు, నేరస్థుడు వేఱు. ఈ భేదమును ఊరు మఱచును, బంధువులు మఱతురు. కొన్ని దినములు చెఱలో నున్న పిదప నిందితుడే మఱచును. దానిని మఱవక పట్టుకొని యుండుటకు జీతము పుచ్చుకొనువాడే వకీలు.

వకీలు లేని విచారణ యెట్లుండునో చూడదలచినవారు శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ యంకమును చదువవలయును. వసంతసేనను చంపినాడని రాజుగారి బావమఱది శకారుడు చారుదత్తునిపై నిందమోపెను. న్యాయాధికారి చెడ్డవాడు కాడు, చారుదత్తుని శీలమెఱిగినవాడు, మనసులో విడిచిపెట్టదలచినవాడు. అయినను ఏమి జరిగెను? ఉద్యానమునకు బోయి చూచివచ్చిన వీరకుడు మృగములు తినుచున్న స్త్రీశవమును చూచితినని చెప్పెను. ఆ శవము వసంతసేనదే యని గుర్తించినవారెవరు అని ఒక్కరును అడుగలేదు. మైత్రేయుని చంకనుండి నగలు జాఱిపడెను. అవి యామెవే యని చారుదత్తుడు ఒప్పుకొనెను గాని, తనయింటికి అవి యే విధమున వచ్చెనో సిగ్గుచేతను దుఃఖముచేతను సరిగా చెప్పజాలకపోయెను. చెప్పవలసినది చెప్పించుటకును, అడుగవలసినది అడుగుటకును అతని ప్రక్క నొక్కడు లేడు. తుదకు వసంతసేన ప్రాణములతో వచ్చి నిలువబట్టి అతడు బ్రతికెను. నాటకములో వసంతసేన వచ్చును. నరసరావుపేట కోర్టునకు ఆమె వచ్చునని నమ్ముకొని కూర్చుండరాదు.

మన స్మృతికర్తలు ధనవివాదములలో ప్రతినిధిని అంగీకరించిరి. శుక్రనీతియందు ప్రతినిధి భృతి వ్యవహారధనములో పదునాఱవవంతు మొదలుకొని, ధనము పెరిగినకొలది తగ్గుచు పోవునట్లు చెప్పబడినది. అధికముగా గుంజినవానికి దండనయు గలదు. (ఈ యొక్క విధి నేటికిని అమలులో నుండిన బాగుండునని ఈ సభలో కొందఱైనను తలచుచుందురు.) కాని హత్యాదులైన ఘోరాభియోగములలో నిందితుడు స్వయముగనే వచ్చి ఉత్తరమీయవలయుననిరి. ఇది మనకు మాత్రమే చెందిన లోపము కాదు. ఇంగ్లండులో సైతము ఘోరనేరము మోపబడినవాని పక్షమున న్యాయవాది నిలిచి జూరీకి పూర్తిగా వాదించు హక్కు 1836 నాటి చట్టము వచ్చుదాక లేదు. ప్రాణము పోవు వ్యవహారమున తోడు వలదనియు, పొలము పోవు వ్యవహారమున తోడు కావచ్చుననియు లోకమంతయు చిరకాలము భావించినది.

స్వతంత్రభారతమున ఈ ప్రశ్న సుప్రీముకోర్టు ముందు తొలిదినములలోనే నిలిచినది తెలుగువారి కేసులోనే. తెలంగాణ సాయుధపోరాట కాలమున ప్రత్యేక ట్రిబ్యునళ్ళు పండ్రెండుగురికి ఉరిశిక్ష విధించెను. 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు దానిని ఖాయపఱచెను. తమకు వకీలు నేర్పఱచుకొను అవకాశమే సరిగా లభింపలేదని శిక్షితుల మొఱ. వారి పక్షమున వాదించుటకు లండనునుండి డి.ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చెను. 1951లో సుప్రీముకోర్టు ఏమనెను? వకీలును పెట్టుకొను అవకాశము నిందితునకు కల్పింపవలసినదే. కాని వకీలు లేనంతమాత్రమున ప్రతి విచారణయు చెల్లకపోవునని సూత్రముగా చెప్పజాలమనెను. తరువాత ఆ శిక్షలు యావజ్జీవముగా మాఱుటచే వారి ప్రాణములు దక్కినవి. అది వేఱు విషయము.

ఆ తీర్పు నాటి స్థితినుండి మన దేశము ముప్పదియైదేండ్లలో చాల దూరము నడచినది. రాజ్యాంగపు 22వ అధికరణము తాను కోరిన న్యాయవాదిని సంప్రదించు హక్కును మొదటినుండియు ఇచ్చినది. 1976లో 39-ఏ అధికరణము చేరి ఉచిత న్యాయసహాయమును రాజ్యధర్మముగా పేర్కొన్నది. 1979లో బీహారు చెఱసాలలందు విచారణ లేక మ్రగ్గుచున్నవారిని గూర్చిన హుస్సేనారా ఖాతూన్ కేసులో, పేదవానికి ఉచితముగా వకీలు నిచ్చుట న్యాయమైన విచారణలో భాగమే యని సుప్రీముకోర్టు నిర్ధారించెను. 1981లో భాగల్పూరు అంధుల కేసులో, ఖజానాలో ధనము లేదను సాకు రాజ్యమునకు చెల్లదనియు, నిందితుని మేజిస్ట్రేటు ముందు మొదటిసారి నిలిపిన క్షణమునుండియే ఆ హక్కు పుట్టుననియు పలికెను. 1986లో సుక్‌దాస్ కేసులో, నిందితుడు నోరు తెఱచి అడుగలేదను కారణమున ఆ హక్కు పోదని చెప్పి, వకీలు లేక జరిగిన విచారణపై విధింపబడిన శిక్షనే కొట్టివేసెను. 1951 నాటి వారికి దొరకనిది నేడు మన పాలేరు కుమారునకును, కౌలురైతునకును ఉన్నది. ఉన్నదని వారికి తెలియకపోవుటయే కొఱత.

ఇక నేను ముఖ్యముగా చెప్పవలసిన మాటకు వచ్చుచున్నాను. మనవారు వకీలు కొఱకు వెచ్చింపని వారు కారు. అతిగా వెచ్చింతురు, కాని ఆలస్యముగా వెచ్చింతురు. మొదటి రెండు దినములు ఊరి పెద్దమనిషి చేతిలోనో, ఠాణా యెదుటి టీ అంగడిలో కూర్చుండు దళారి చేతిలోనో పెట్టి, రెండు సంవత్సరముల పిదప వాదనల నాడు పేరుమోసిన వకీలును కారులో తెచ్చెదరు. కూలిన గోడకు సున్నము వేయించినట్లుండును.

మొదటి దినమున ఏమేమి జరుగునో చూడుడు. 2024 జూలై 1వ తేదినుండి పాత క్రిమినలు ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది; సెక్షన్ల సంఖ్యలు మాఱినవి గాని ఈ రక్షణలు మాఱలేదు. ఏడేండ్లలోపు శిక్షగల నేరములలో పోలీసువారు సాధారణముగా ముందు నోటీసు నీయవలయును. నోటీసు వచ్చినచో పాఱిపోక వకీలుతో హాజరుకావలయును, పాఱిపోయినవానిని పట్టుకొనుటకు వారికి కారణము మనమే యిచ్చినట్లగును. అరెస్టు చేసినచో కారణములు తెలుపవలయును, బంధువులకు కబురు పంపవలయును, ప్రయాణకాలము మినహా ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలుపవలయును. విచారించునపుడు అంతసేపును కాకున్నను, వకీలును కలిసికొను హక్కు నిందితునకు కలదు. పోలీసువారి యెదుట నేరమొప్పుకొన్నమాట సాక్ష్యముగా చెల్లదు. ఖాళీకాగితముపై సంతకము చేయరాదు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని, సున్నితమైన కేసులలో తప్ప, ఇరువదినాలుగు గంటలలో పోలీసువారి వెబ్‌సైటునందు ఉంచవలయునని సుప్రీముకోర్టు 2016లో ఆజ్ఞాపించినది. దానికై ఎవరికిని వేయి రూపాయలు ముట్టజెప్పనక్కఱలేదు.

మఱియొక సంగతి. నేరమునుబట్టి అఱువది దినములలోనో, తొంబది దినములలోనో చార్జిషీటు దాఖలు కాకున్నచో, చెఱలోనున్నవానికి బెయిలు హక్కుగా లభించును. కాని చార్జిషీటు కోర్టు చేరకముందే ఆ దరఖాస్తు పడవలయును. అఱువదియొకటవ దినము ఉదయమున మెలకువగానుండు సామాన్యపు వకీలు, ఆ నాడు హైదరాబాదులో నున్న మహావకీలుకంటె మేలు.

నా పూర్వశిష్యుని తండ్రి కథ చెప్పుదును. ఊరును, పేర్లును చెప్పను. గట్టు తగవులో పదునొకండుగురిపై కేసు. ఈయన ఆ దినమున మిరపబస్తాలతో గుంటూరు యార్డులో నుండెను. గేటు చీటి, కాటా చీటి, కమీషను కొట్టువారి పట్టీ - మూడును ఉండవలసినవి. గేటు కెమేరాలో ఆయన ముఖమును పడియుండును. ఇంటివారు దళారిని నమ్మిరి. పైవారితో మాట్లాడి పేరు తీసివేయించెదనని అతడు ఎనిమిది దినములు త్రిప్పెను. పేరు పోలేదు, ధనము పోయెను. తరువాత ఎకరము నల్లభూమి నమ్మిరి. ఎవరికి? ఊరిలో ఇట్టి సమయము కొఱకే కాచుకొనియుండు ఒక ఆసామి కలడు. రిమాండు వార్త విన్న సాయంకాలమే ఆయన పరామర్శకు వచ్చును, పోవుచు ధర చెప్పిపోవును. ఆ సొమ్ముతో పెద్దవకీలును పెట్టిరి. ఆయన ఒక్క వాయిదాకు వచ్చి, తక్కినవాటికి గుమాస్తాను పంపెను. మూడవయేట న్యాయసేవాధికార సంస్థవారు నియమించిన ఒక చిన్నవయసు వనితా న్యాయవాది, ఆ యింటి దూలమునకు గ్రుచ్చిన పాతచీటీల తీగనుండి కాటా చీటిని తానే వెదకి తీసెను. కెమేరా చిత్రములు అప్పటికి ఎన్నడో చెరిగిపోయినవి. కమీషను కొట్టు గుమాస్తాను సాక్షిగా పిలిపించి, ఆ చీటిని రుజువు పఱచెను. కేసు కొట్టివేయబడినది. ఎకరము తిరిగిరాలేదు.

కెమేరా చిత్రము కొలది దినములలో చెరిగిపోవును, చీటి నలిగిపోవును, చూచినవాని జ్ఞాపకము మాఱిపోవును. వకీలు తొలిదినమున కావలసినది అందుకే గాని, కోర్టులో గంభీరముగా ఉపన్యసించుటకు కాదు.

వకీలు నెట్లు ఎన్నుకొనవలయును? న్యాయవాదులు తమ్ము తాము ప్రకటించుకొనుట బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధము. కావున గోడమీది పేరునుబట్టి ఎన్నుకొనరాదు. ఏ కోర్టులో కేసు నడచునో ఆ కోర్టుహాలులో ఒక పూట వెనుకబల్లపై కూర్చుండుడు. కోర్టులు సామాన్యముగా అందఱికిని తెఱచియే యుండును. సాక్షిని ఎవరు నెమ్మదిగా, కాగితము చూచి అడుగుచున్నారో, ఎవరు అఱచుచున్నారో మీకే తెలియును. అఱచువాని ఫీజు ఎక్కువగా నుండుట నేను గమనించితిని, కారణము తెలియదు. పిదప ఆయన కార్యాలయమునకు బోయి మూడు మాటలడుగుడు: ఇట్టి కేసులు ఈ కోర్టులో మీరు స్వయముగా నడపితిరా? సాక్షులను ప్రశ్నించునది మీరా, మీ జూనియరా? కాగితముల ప్రతులు మాకిత్తురా? సూటిగా ఉత్తరమిచ్చువానికి వకాలతు నిండు. నింపని వకాలతుపై సంతకము చేయకుడు. జడ్జిగారికి గాని, సర్కారు ప్లీడరుకు గాని ఈయవలసినది కొంత ఉన్నదను మాట ఎవని నోట వచ్చిననో ఆ క్షణమున లేచి రండు. అతడు మిమ్ములనే గాక న్యాయస్థానమునుగూడ అమ్ముచున్నాడు. దళారులను కోర్టుప్రాంగణములనుండి తొలగించు నిబంధన బ్రిటిషువారి కాలపు చట్టమునందే యుండెను. 2023 నాటి సవరణచే న్యాయవాదుల చట్టమునందు మరల చేర్చబడినది.

చిన్నవకీలును చిన్నచూపు చూడరాదు. ఒంగోలున పూటకూళ్ళయిల్లు నడపి పోషించిన తల్లి కుమారుడు టంగుటూరి ప్రకాశముగారు మొదట సెకండుగ్రేడు ప్లీడరు మాత్రమే. 1907లో బారిష్టరై తిరిగివచ్చి మదరాసున పేరుపొందుటకు ముందు, రాజమహేంద్రవరమున ఆయనను నమ్మి వకాలతులిచ్చినవారు పేరు చూచి ఇచ్చినవారు కారు, పని చూచి ఇచ్చినవారు.

వకీలుతో నిజము చెప్పవలయును. ఆయనతో చెప్పిన మాటను ఆయన బయటపెట్టగూడదని చట్టమే రక్షణ నిచ్చినది. ఆయనతో దాచినది ఎదుటివారి సాక్షినోట తొలిసారి వినబడినచో ఎంతటి వకీలైనను ఏమి చేయగలడు?

ఫీజు మాట. ధర ఇంత యని నేను చెప్పజాలను. తాలూకా కోర్టునకును సెషన్సునకును హైకోర్టునకును, మనిషికిని మనిషికిని భేదము కలదు. కాని పద్ధతి చెప్పగలను. ఒక్క మొత్తముగా ఈయక, బెయిలునకు ఇంత, సాక్షుల విచారణకు ఇంత, వాదనలకు ఇంత యని వ్రాయించుకొని, ఇచ్చినప్పుడెల్ల రసీదు పుచ్చుకొనవలయును. గెలిచినచో ఇంత, ఓడినచో లేదు అను ఒప్పందము బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధము. అట్టి బేరమునకు వచ్చువాని జోలికి పోరాదు. ఫీజు బాకీయున్నదని కేసుకట్టను తొక్కిపట్టు హక్కు వకీలునకు లేదని సుప్రీముకోర్టు 2000 సంవత్సరమున తీర్పు చెప్పినది. కట్ట నిచ్చివేయవలయును, బాకీకి వేఱుగా దావా వేసికొనవచ్చును. వకీలు దుష్ప్రవర్తనపై ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిలునకు చేయవలయును గాని, వినియోగదారుల కోర్టునకు కాదు. 2024లో ఆ దారి మూయబడినది.

మొదటి వారమున భూమి నమ్మకుడు. మిరప పూర్తిగా ఎండకముందే యార్డునకు తోలకుడు. తొలివారపు పనికి కావలసినది ఎకరము వెలకాదు.

ఏలయన, ఉచిత న్యాయసహాయము కలదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. స్త్రీలకు, బాలురకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు, కార్మికులకు ఆదాయముతో నిమిత్తము లేదు. తక్కినవారికి వార్షికాదాయపు పరిమితి మన రాష్ట్రమున 3 లక్షల రూపాయలు. ఇంకొక మాట గట్టిగా వినుడు: నిర్బంధములో నున్న ప్రతి మనిషియు, ఎంతటి ఆస్తిపరుడైనను, ఆ చట్టము క్రింద అర్హుడే. గుంటూరు, ఒంగోలు జిల్లాకోర్టుల ఆవరణలలో జిల్లా సంస్థలును, క్రింది కోర్టుల కడ మండల కమిటీలును కలవు. ఫోను సంఖ్య 15100. ఉచితపు వకీలు ఊరక వచ్చువాడు, పనిచేయడు అని మనవారి నమ్మకము. కొన్నిచోట్ల అది నిజమై యుండెను. ఆ కొఱత తీర్చుటకే 2022లో, ప్రైవేటు కేసులు పట్టకుండ నిందితుల పక్షముననే పూర్తికాలము పనిచేయు న్యాయవాదుల పథకము ఏర్పడినది. యావజ్జీవమో మరణశిక్షయో పడదగు కేసులలో కనీసము పదేండ్ల అనుభవము గలవానినే నియమింపవలయుననియు, కేసు చదువుకొనుటకు కనీసము ఏడు దినముల గడువీయవలయుననియు 2019లో సుప్రీముకోర్టు నిర్దేశించినది. నియమింపబడినవాడు శ్రద్ధచూపనిచో మార్పుకొఱకు ఆ సంస్థకే దరఖాస్తు చేసికొనవచ్చును.

బెయిలు వచ్చినను జామీనుదారులు దొరకక చెఱలో నుండువారున్నారు. 1978లో మోతీరామ్ అను తాపీపనివాని కేసులో, పేదవానిపై పదివేల జామీను మోపుటను, పరజిల్లావాని జామీను తిరస్కరించుటను సుప్రీముకోర్టు తప్పుపట్టినది. బెయిలు వచ్చి ఏడు దినములైనను విడుదల కానివాని సంగతిని జైలు అధికారి న్యాయసేవాధికార సంస్థకు తెలుపవలయునని 2023 ఆజ్ఞ. పేదఖైదీల జామీనుకై 40 వేల రూపాయలవరకు ప్రభుత్వమే భరించు పథకమును ఆ యేడే వచ్చినది.

అప్పీలు విషయమున మన తాతలకంటె మనము అదృష్టవంతులము. వారు మదరాసునకు రైలెక్కిరి. 1954 జూలై మొదలు 1956 నవంబరు వఱకు ఆంధ్రహైకోర్టు మన గుంటూరుననే యుండెను. కోకా సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తి. పిదప అఱువదిరెండేండ్లు హైదరాబాదు ప్రయాణము. 2019 నుండి హైకోర్టు మరల మన గడ్డపైకి వచ్చి, నేలపాడున నున్నది. మిరపకోతకు పోవు మనిషికి ఒక దినపు కూలి పోగొట్టుకొన్నచో వెళ్ళిరాదగిన దూరము.

అక్కడివఱకు పోవుట ఎందులకని అడుగువారికి రెండు కేసులు జ్ఞాపకము చేయుదును. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నపు వసతిగృహమున తెనాలి విద్యార్థినియొకతె ఘోరముగా చంపబడెను. మఱుసటియేట నందిగామ ప్రాంతపు నిరుపేద యువకుని పట్టుకొనిరి. 2010లో విజయవాడ కోర్టు శిక్షించెను. 2017 మార్చి 31న హైకోర్టు అతడు నిర్దోషియని చెప్పి, లక్ష రూపాయలు చెల్లింపుమని ఆజ్ఞాపించెను. ఎనిమిదేండ్లకు పైగా అతని యౌవనము చెఱలో గడచినది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు న్యాయము కలుగలేదు, బిడ్డను జైలునకు పంపిన తల్లికిని కలుగలేదు. తప్పుడు నిందితుడు దొరికినంతకాలము నిజమైనవానిని వెదకువారుండరు. నిందితుని పక్షపు వకీలు మృతురాలి పక్షమునకు సైతము మేలుచేయుట ఇందువలననే.

రెండవది నేరము నిజమైన కేసు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గఱ దోపిడికై బస్సునకు నిప్పుపెట్టగా 23 మంది ప్రయాణికులు ఆహుతియైరి. ఇద్దఱు యువకులకు ఉరిశిక్ష పడి, సుప్రీముకోర్టు సైతము దానిని ఖాయపఱచెను. 1997లో ఉరితీయు తేది నిర్ణయమైన పిదప, పౌరహక్కుల న్యాయవాదులును రచయితలును పూనుకొని నిలుపుదల సంపాదించిరి, 1998లో కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా నుండగా శిక్ష యావజ్జీవముగా మాఱెను. ఆ 23 కుటుంబముల దుఃఖమును ఎవరు తక్కువచేయగలరు? నేనును చేయను. కాని నేరమునకు తగిన శిక్ష యెంత యను ప్రశ్నకూడ విచారణలో భాగమే, దానిని వాదించుటకును మనిషి కావలయును. ఇట్టివానికి వకాలతు పట్టరాదని న్యాయవాదుల సంఘములు తీర్మానించుట చట్టవిరుద్ధమని 2010లో సుప్రీముకోర్టు స్పష్టముగా చెప్పినది.

ఇక మన సంఘముమాట. కల్యాణమండపమునకై చేరిన విరాళములలో పదవవంతును అభియోగ సహాయనిధిగా వేఱుపఱచవలయునని నేను తీర్మానము పంపితిని. పోషకులలో కొందఱు దీనికి సమ్మతింపలేదని యెఱుగుదును. మన డబ్బుతో దుర్మార్గులను విడిపింతుమా అని ఒకరు, మనవాడు కేసులో నున్నపుడు కోటి యైనను పెట్టవలదా అని ఇంకొకరు. ఇద్దఱికిని ఒకటే సమాధానము. ఈ నిధి తొలి పదునైదు దినములకు మాత్రమే: రిమాండు నాటి వకీలు, కాగితముల ప్రతులు, ప్రయాణము, జామీను. అటుపై పేదవానిని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయము దాక మన కార్యదర్శి వెంటబెట్టుకొని పోవలయును. సాక్షులతో మాట్లాడుటకు, రాజీకి, ఎవరి నోరైనను మూయించుటకు ఒక్క పైసా పోరాదు.

మఱియు, మనవారు గుంపుగా బలహీనులపై బడినారను కేసులో ఈ నిధి తాళము తీయరాదు. కారంచేడు 1985లోను, చుండూరు 1991లోను ఈ మైదానముననే జరిగినవి. ఆ రెండు పేర్లు వినబడినప్పుడు ఏ కులసంఘమైనను తన పెట్టెవంక చూచుకొనవలసియున్నది. అట్టి కేసులోని నిందితునకును వకీలు హక్కు కలదు, దానిని నేను కాదనను. చట్టము అతనికి వకీలు నిచ్చును. కులము పక్కన నిలిచినచో ఆ బరువు సాక్షి గుండెమీద పడును. ఈ నిబంధన లేని నిధి నాకు వలదు, తీర్మానమును ఉపసంహరించుకొందును.

నిధి మన కులమువారికే పరిమితము కావలెనా యని విషయనిర్ణయసభలో ప్రశ్న వచ్చినది. మన పొలములలో కలుపుతీయు కూలీలలో, మన మిరపతోటలకు కోతకు వచ్చు వలసకూలీలలో ఎవరిపైనైనను పనివేళ జరిగినదానికి కేసు వచ్చినచో వారికిని ఈయవలయుననియే నా యభిప్రాయము. సభవారు వేఱుగా నిర్ణయించినను వాదింపను. కాని చేతులెత్తునపుడు లెక్కించి మినిట్సులో వ్రాయింపుడని కోరుచున్నాను.

నా పింఛనులో ఒక నెల మొత్తమును ఈ నిధికై కోశాధికారిగారికి ఈ సాయంకాలమే యిచ్చెదను. వారు రసీదు పుస్తకము తెచ్చియున్నారని ఆశించుచున్నాను.